చిక్కుపడిందన్న మాట

ఏర్పేడు ఇంజినీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్‌కు వేర్వేరు ఇంగ్లీషు మాటల్ని ఒకే అర్థంలో వాడేస్తే కోపం వచ్చేది. వైర్లు చిక్కుపడితే టాంగిల్డ్ అనాలనేవాడు, ఓపికుంటే విప్పుకోవచ్చు. గేర్‌బాక్స్ కాంప్లికేటెడ్, ఎన్ని భాగాలున్నా ఊడదీసి మళ్లీ బిగించవచ్చు. ఇంటర్‌ట్వైన్డ్ అంటే మాత్రం రెండూ పెనవేసుకుపోయినట్టు, ఒకదాన్ని లాగితే రెండోదీ తెగుతుంది.

"అన్నీ చిక్కే కదప్పా," అని నేనంటే, "అందుకే నీ సర్క్యూట్లు కాలిపోతాండాయి," అని నవ్వేవాడు.

వాళ్ల నాయనను ఐరాల నుంచి తిరుపతి ఆసుపత్రికి తెచ్చినప్పుడు నేనూ తోడున్నాను. కడుపులో గడ్డ పెద్ద రక్తనాళంతో ఇంటర్‌ట్వైన్డ్ అయిందని, ఆపరేషన్ కుదరదని డాక్టరు మా ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయాడు.

"ఏమంటాండాడబ్బా డాక్టరు?" వాళ్లమ్మ అడిగింది.

వాడు ఆమె వైపు తిరిగాడు. "గడ్డ చిక్కుపడిండాదంటమ్మా."

"అంతేనా? చెరుకుకు తీగ సుట్టుకుంటే మనం తీసేయడంలా? నిదానంగా తీస్తే వచ్చేస్తాది."

"వచ్చేస్తాదిమ్మా."

ఆ సంగతి భర్తకు చెప్పాలని ఆమె గబగబా వార్డులోకి వెళ్లింది. వాడు ఆపలేదు.