చేతులు చాచినామె

కెలమంగలంలో హోసూరు బస్సెక్కేసరికి నిలబడడానికే చోటు లేదు. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె ఒడిలోని చేమంతుల బుట్ట కింద పెట్టి, నా వైపు చేతులు చాచింది. నిలబడ్డవాళ్ల బిడ్డల్ని కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం మా వైపు బస్సుల్లో మామూలే. ఏడాదిన్నర పాపను ఆమెకు అందించి, కమ్మీ పట్టుకుని మా ఆయనకు ఫోన్ చేశాను. పాప కోసం చూసిన మూడో డేకేర్ కూడా నాకు నచ్చలేదు.

“కెమెరాలుంటే చాలునా? ఆ ఆయా ఎవురో, ఏ ఊరో, చేతులు కడుగుతుందో లేదో! ముక్కూమొగం తెలీనోళ్ల చేతికి బిడ్డను ఎట్లిచ్చేది?” అని బస్సంతా వినేలా అరిచాను.

ఫోన్ పెట్టేసి చూస్తే, ఆమె తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

“మాది రాయకోటమ్మా,” అంది నెమ్మదిగా. “చేతులు పొద్దున్నే కడిగినాను.”

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా హోసూరులో దిగేటప్పుడు పాప ఆమె కొంగు వదలనని ఒకటే ఏడుపు.

మర్నాడు ఆ మూడో డేకేర్‌కే మళ్లీ వెళ్లాను. ఆయా చేతులు చాచింది. మీది ఏ ఊరని అడగడానికి నేను నోరు తెరిచేలోపే, పాప నా చంకలోంచి ఆమె మీదికి దూకేసింది.