అమ్మ ఓటు

వార్డులో అందరూ ఆ దర్జీని ‘లిస్టు’ అంటారు. ఓటర్ల జాబితాలో ఎవరి పేరు ఏ పేజీలో ఉందో కాజాలు కుడుతూనే ఒప్పజెప్పేస్తాడు. పాతికేళ్ళుగా పోలింగ్ రోజున మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చి పార్టీ ఏజెంటుగా కూర్చుంటాడు. ఈసారి పార్లమెంటు ఎన్నికల ముందు పార్టీ రెండుగా చీలింది. తమ్ముడు అవతలి ముక్కకి ఏజెంటై ఎదురుగా కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పదకొండింటికి అమ్మ వచ్చింది. ఉండేది పెద్దకొడుకు దగ్గరే అయినా, ఈసారి చిన్నవాడికే ఓటని మాటిచ్చింది. ఆ సంగతి పెద్దవాడికి తెలుసు. లిస్టులో ఆవిడ వయసు తప్పుపడిందనీ తెలుసు. చటుక్కున లేచాడు.

“ఇందులో నలభై ఏడని ఉంది సార్. ఈవిడకి డెబ్భై దాటాయి. ఈవిడ ఆ మనిషి కాదు.”

“ఈవిడ మీకు తెలుసా?” అన్నాడు అధికారి.

“తెలీదు.”

“అన్నయ్యా, అమ్మ!” అని అరిచాడు తమ్ముడు.

“కార్డు చూపించమ్మా, చాలు,” అన్నాడు అధికారి. ఆవిడ కార్డు మళ్ళీ బొడ్లో దోపుకుంది. “ఎందుకులే బాబూ,” అని వెనుదిరిగింది.

ఓట్లు చీలి రెండు ముక్కలూ ఓడాయి, మూడోవాడు గెలిచాడు. నెల తిరక్కుండా నాయకులు కౌగిలించుకుని పార్టీని కలిపేశారు. తమ్ముడూ మళ్ళీ కొట్టుకి వచ్చిపోతున్నాడు. అమ్మ కూడా పల్లెత్తు మాట అనలేదు. పెద్దకొడుక్కి వేళకి అన్నం వడ్డిస్తుంది.

“మీకు ఇంకాస్త పెట్టమంటారా?” అని అడుగుతుంది.