చేతికివ్వని కత్తెర

మోత్కూరుకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో కురుమ భద్రమ్మ పెద్దమనిషి అయిందంటే అది సర్కారు చలవే. అంతకుముందు ఆమెను పలకరించే దిక్కు లేదు. మొగుడు మల్లప్ప పోయి తొమ్మిదేళ్లయింది. పోతూపోతూ ఆయన కొడుకు కురుమయ్యను, నలభై గొర్రెలను, మూరెడు పొడుగున్న ఉన్ని కత్తెరను ఆమె మీద వదిలి హాయిగా వెళ్లిపోయాడు. ఆ కత్తెరకు ఏడాదిలో రెండుసార్లు గొర్రెల వీపు మీద పని. మిగతా రోజులన్నీ వంటింట్లో చాకిరీ.

పోలీసు యాక్షన్ అయ్యాక దొర గడీలో మిలిటరీ క్యాంపు దిగింది. దిగిన మూడోనాడే డప్పు చాటింపు: కత్తులు, గొడ్డళ్లు, బరిసెలు, కొడవళ్లు, కత్తిపీటలు అన్నీ క్యాంపులో అప్పజెప్పాలి, దాచినవాడు జైలుకు. చాటింపు జాబితాలో కత్తెర లేదు. ఆ జాబితా రాసిన మహానుభావుడు ఎవరోగానీ, గొర్రెను పళ్లెంలో తప్ప బయట చూసి ఉండడు.

దాంతో వాడకట్టు మొత్తానికి భద్రమ్మ కత్తెర ఒక్కటే మిగిలింది. సొరకాయ కోయాలన్నా, గోంగూర కాడలు తుంచాలన్నా, పుట్టిన పిల్లకు బొడ్డు కోయాలన్నా ఆమె గడప తొక్కాల్సిందే. నిన్నటిదాకా ముఖం తిప్పుకుపోయిన ఆడవాళ్లు "భద్రక్కా, తిన్నవా?" అంటూ పొద్దున్నే వాలేవాళ్లు. భద్రమ్మ కూడా తక్కువదేం కాదు. వెంటనే లేచేది కాదు, ఒక చుట్ట ముట్టించి రెండు పీల్పులయ్యాకే లోపలికి వెళ్లేది.

ఆమెకు రెండు పట్టింపులు. కత్తెరను చేతికివ్వదు, నేల మీద పెడుతుంది, కావాల్సినవాళ్లు తీసుకోవాలి. చేతి నుంచి చేతికి పోతే ఇద్దరికీ పడదట. రెండోది, ఉత్త కత్తెర ఆడించొద్దు. కోసేదేమీ లేకుండా టకటకలాడిస్తే ఇంట్లో కొట్లాట ఖాయమట. చిన్నప్పుడు కురుమయ్య ఆ పని చేసి తొడపాశాలు తిన్నాడు. పెద్దయ్యాక ఆ కక్ష తీర్చుకున్నాడు. తల్లి పరధ్యానంగా ఒక్కసారి టక్కుమనిపిస్తే చాలు, "ఉత్త కత్తెర ఆడియ్యకే అమ్మా, కొట్లాటయితది" అని కసిరేవాడు. తల్లి నాలుక కరుచుకునేది.

ఇంత నిష్ఠగా ఉన్నా కొట్లాటలు అడ్రసు వెతుక్కుని మరీ వచ్చాయి. రజాకార్లు వచ్చి ఒక పొట్టేలును తోలుకుపోయారు. తర్వాత సంఘం దళం వచ్చింది, వాళ్లూ ఒకదాన్ని తిన్నారు. క్యాంపు వచ్చాక రెండు పోయాయి. ఊరిని కాపాడటానికి ఎవరు వచ్చినా మొదట ఆకలి మీదే ఉండేవాళ్లు. వీటిలో దళం తిన్న పొట్టేలు మాత్రమే నేరం కింద తేలింది. కమ్యూనిస్టులకు అన్నం పెట్టాడని కురుమయ్యను పట్టుకుపోయి గడీలో కూర్చోబెట్టారు. ఏడు నెలలయింది. గోడకు అవతల కొడుకు, ఇవతల తల్లి. భద్రమ్మ రోజూ సద్ది తీసుకుపోయేది, సిపాయి తీసుకునేవాడు, ఖాళీ ముంత తిరిగొచ్చేది. తిన్నది ఎవరో ఆమెకు తెలియదు.

చివరికి పోలీసు పటేలు కబురు తెచ్చాడు. "సోమారం క్యాంపు జమేదారు సాబ్ నీ ఇల్లు సోదా చేస్తడు. ఇంట్ల ఆయుధం లేదని నేను కాయితం రాస్తే మంగళారం నీ కొడుకు ఇంటికొస్తడు. సూడు మరి, సూదిమొన అంత ఇనుము దొరికినా నేనేం చెయ్యలేను."

"నా ఇంట్ల కత్తెర తప్ప ఏముంది పటేలా?"

"కత్తెరకు ఫికర్ లేదు. అది జాబితల లేదు."

సరిగ్గా శనివారం నాడు పక్కింటి సత్తమ్మ ఒట్టితునకలు కోస్తానని కత్తెర పట్టుకుపోయింది. అటుకెక్కి ఆర్నెల్లు ఎండిన మాంసం తునకలు. గడియ తిరక్కుండా కొంగు చాటున పట్టుకుని తిరిగొచ్చింది, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, శీల ఇరిగింది."

నడిమి శీల విరిగితే కత్తెర ఏమవుతుంది? రెండు కత్తులవుతుంది. మూరెడు మూరెడు పొడుగున్నవి, మొన తేలినవి. భద్రమ్మ రెండింటినీ నేల మీద పక్కపక్కన పెట్టి చూసింది. ఏళ్ల తరబడి గోంగూర తుంచిన వస్తువు, పగటిపూటే తన కళ్లముందే ఆయుధాల జాబితాలోకి నడిచి వెళ్లిపోయింది.

"బాయిల పడేద్దామా?" అంది సత్తమ్మ.

"పడెయ్. రేపు వాళ్లే పాతాళగరిగె ఏసి తీస్తరు. ఊర్ల బాయిలన్నిట్ల గదే పని మీదున్నరు."

"పాతిపెడితే?"

"కొత్తగ తవ్విన మన్ను కుక్కకు గూడ కనవడ్తది. నువ్వింక సలహాలియ్యకే తల్లీ."

శీల వేయించాలంటే కమ్మరి లచ్చయ్య ఉన్నాడు. కానీ బరిసెలు చేశాడన్న అనుమానంతో అతని కొలిమి తిత్తికి లక్క ముద్ర వేసి ఎనిమిది నెలలయింది. ముద్ర తీయాలంటే క్యాంపు చిట్టీ కావాలి. చిట్టీ కావాలంటే విరిగిన వస్తువు చూపించాలి. చూపిస్తే రెండు కత్తులు. పోనీ మోత్కూరు అంగట్లో కొత్తది కొందామంటే, కొత్తది వచ్చినంత మాత్రాన పాతది ఆవిరైపోదు కదా. ఇంట్లో కత్తెరా ఉంటుంది, కత్తులూ ఉంటాయి.

ఆదివారమంతా భద్రమ్మ ముద్ద దిగక కూర్చుంది. సాయంత్రానికి లేచి, గట్టి తుమ్మముల్లు ఒకటి విరిచి తెచ్చి, దానికి నల్ల ఉన్ని నూలు చుట్టి శీల బెజ్జంలో దిగ్గొట్టింది. పొయ్యి పక్కన పడుకోబెట్టింది. పడుకున్నంతసేపు అది కత్తెర, లేపితే కత్తులు.

సోమవారం పొద్దెక్కాక జమేదారు వచ్చాడు. ఇద్దరు సిపాయిలు, కాగితం కలంతో పటేలు. జొన్న కుండల్లో బొంగు దించి చూశారు, గొంగళ్లు దులిపారు, అటుకెక్కి దుమ్ము తిన్నారు. జమేదారు వంటింట్లోకి వంగి వచ్చాడు.

"యే క్యా హై?"

"కత్తెర సాబ్. ఉన్నిది. జాబితల లేదు," అన్నాడు పటేలు.

జమేదారు తల ఊపి బయటికి మళ్లాడు. భద్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన ఆగి, చొక్కా గుండీ దగ్గర వేలాడుతున్న దారాన్ని చూసుకుని, కత్తెర ఇమ్మని చెయ్యి చాచాడు.

భద్రమ్మ నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "మేం చేతికియ్యం. ఆడ్నే ఉంది, తీసుకొమ్మను."

పటేలు బెదురుతూ బెదురుతూ ఆ పట్టింపు ఏమిటో విప్పి చెప్పాడు. జమేదారు పగలబడి నవ్వాడు. ఈ ముల్కులో కొట్లాటలు వస్తున్నది ఇందుకన్నమాట, అని ఏదో అని, తానే వంగి కత్తెర అందుకున్నాడు.

కుడి చేతిలో ఒక కత్తి, ఎడమ చేతిలో ఒక కత్తి. తుమ్మముల్లు జారి నేల మీద పడింది. భద్రమ్మ దాని మీద కాలు వేసింది. అది అరికాలిలోకి సర్రున దిగింది, ఆమె రెప్ప కూడా ఆర్పలేదు.

పటేలు కలం పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో రెండు కత్తులు ఉన్నమాట నిజమే. కానీ అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో రాయాలి గదా! జమేదారు చెవులు ఎర్రబడ్డాయి. ఒక ముండమోపి ఇంట్లో ఉన్న ఒక్క పనిముట్టునూ తానే విరగ్గొట్టానని ఆయన అనుకున్నాడు. ఎంతైనా తల్లి కన్న బిడ్డ.

ఆ పూటే కొలిమి ముద్ర ఆయన చేతులతోనే పగిలింది. మళ్లీ ఏ జన్మకూ విడిపోకూడదు, అట్లా వెయ్యమని హుకుం. వెనక తుపాకీ, ముందర ఎనిమిది నెలల తర్వాత అంటుకున్న నిప్పు. లచ్చయ్య భయమూ సంతోషమూ కలిపి శీలను సాగ్గొట్టాడు. జమేదారు దాన్ని లాగాడు, ఊపాడు, నేలకేసి కొట్టాడు. ఊడలేదు. తెరుచుకోనూ లేదు. "పక్కా!" అన్నాడు. పటేలు రాశాడు: ఆయుధములు లేవు, కత్తెర ఒకటి, దృఢమైనది.

మంగళవారం కురుమయ్య ఇంటికొచ్చాడు.

మీసం తీసేశారు, చెంపలు పీక్కుపోయాయి, కానీ కాళ్లూ చేతులూ సరిగ్గానే ఉన్నాయి. మాట మాత్రం లేదు. పెడితే తిన్నాడు, చెబితే పడుకున్నాడు. వాడకట్టంతా వచ్చి ఏం చేశారు, ఎట్ల పెట్టారు అని కుళ్లబొడిచింది. గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. భద్రమ్మ మొదట్లో "అలిసిపొయ్యిండు" అంది. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. గొర్రెల కొట్టంలోకి పోయి, మొగుడు పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

"పోనీ కత్తెరన్న కొత్తది తెచ్చుకో అక్కా," అంది సత్తమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "గొర్లు ఉన్నితోటి ఉడికిపోతానయ్."

"శీల కొట్టేసి మళ్ల ఏస్త," అన్నాడు లచ్చయ్య. "కాకపోతే నడుమ జరసేపు రెండు కత్తులైతయ్. ఎవ్వలన్న సూస్తే..."

"ఏదొద్దు," అంది భద్రమ్మ. "ఇది మంచిగనే ఉంది. బిగుసుకున్నదంతే."

రోజూ పొద్దున కొడుకు పక్కన కూర్చుని కత్తెరను పొయ్యి సెగకు కాచేది. శీల మీద చుక్క ఆముదం వేసేది. వేసి, రెండు పిడులూ పట్టి గుంజేది. గుంజుతూ వాడితో అవీ ఇవీ చెప్పేది: తెల్లగొర్రె ఈనింది, సత్తమ్మ తునకలు ఇంకా ఎండుతానయ్, జమేదారు నీ మాటే అడిగిండు. వాడి చూపు గోడ మీదే. అరికాలి పుండు మానింది. ఆముదం బుడ్డి అడుగంటింది.

ఇరవై మూడో రోజున శీల కిర్రుమంది. మరోసారి గుంజితే వేలెడు తెరుచుకుంది. భద్రమ్మ ఒళ్లు మరిచిపోయింది. నమ్మకం కుదరక మూసింది, తెరిచింది, మూసింది. టక్, టక్, టక్.

గోడవైపు తిరిగి కూర్చున్న కురుమయ్య ముఖం చిట్లించాడు.

"ఉత్త కత్తెర ఆడియ్యకే అమ్మా," అన్నాడు, గొంతు బొంగురుపోయి. "కొట్లాటయితది."

భద్రమ్మ ఈసారి నాలుక కరుచుకోలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, కత్తెర వాడి చెవి దగ్గరికి తెచ్చి మళ్లీ ఆడించింది.