వాక్కాయ కంచె

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ తల నెరిశాకే ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. పటాన్‌చెరులో విలేకరిగా కొత్తగా చేరి, బీరంగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కాలనీ పార్కు చుట్టూ అందం కోసం వేసిన ముళ్లపొదల కంచె ఉండేది. నర్సరీవాడు ‘కరోండా’ అని చెప్పి అమ్మాడట. నీళ్లు పోసి దాన్ని పెంచింది మా ఓనరమ్మ, కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగం మీద వచ్చిన కుటుంబపు ఇల్లాలు. ఆ ఏడే తొలిసారి గులాబీరంగు కాయలు కాసింది. తుంచితే పాలు కారడం చూసి, కాలనీ పెద్ద (అందరికీ ప్రెసిడెంట్ సాబ్) తేల్చేశాడు: “గన్నేరు జాతి ఇది. పోరగాండ్లు తింటే ఎవలు జవాబు చెప్పాలె? రేపు కొట్టిపిస్త.”

ఓనరమ్మ మొహం చిన్నబోయింది. “మా వైపు పప్పులో వేసే వాక్కాయ అచ్చం ఇలాగే ఉంటుంది బాబూ. కానీ బజార్లో కాయలు కొన్నదాన్నే గానీ చెట్టెప్పుడూ చూళ్లేదు,” అంది. నాకేమో కాయ కొత్త, చెట్టు పాత. జంటముళ్లు, పాలు, తెల్లపూలు అన్నీ మా పోతిరెడ్డిపల్లి వైపు గుట్టల మీద చిన్నప్పుడు పండ్లు కోసుకు తిన్న కలివిపొదవే. అందరి ముందూ కాయను బ్లేడుతో కోశాను. పచ్చగన్నేరైతే గట్టి టెంక ఒకటే ఉండాలి. ఇందులో కలివిపండులో లాగే పలచటి చిన్న గింజలున్నాయి.

“ఇది కలివికి అన్న వరుస, సాబ్.”

“పేపరోనివా, పసరు వైద్యునివా తమ్మీ? గంత నమ్మకముంటే తిను, సూస్తం.”

ఓనరమ్మ కాయలు కోసుకెళ్లి పప్పు వండింది. పార్కు బెంచీ మీద కూర్చోబెట్టి నాకు వడ్డించి, తనూ కలుపుకుంది. (నా ధైర్యంలో సగం ఆ తాలింపు వాసనదే.) నేనెప్పుడు పడిపోతానా అని కాలనీ అంతా చుట్టూ నిలబడింది.

“కడుపుల ఎట్లున్నది?” అన్నాడు సాబ్, కాసేపాగి.

“ఇంకింత పడుతది సాబ్.”

చాలాసేపు చూసి, ఆయనా వేలితో నాకి, “ఉప్పు జెర తక్కువైంది,” అని గిన్నె ముందుకు జరుపుకున్నాడు. కొట్టేవాళ్లను రావద్దన్నాడు. ఓనరమ్మ మర్నాడు ఎప్పట్లాగే కంచెకు నీళ్లు పోసింది.

ఆ పూట ఆఫీసుకు ఛాతీ విరుచుకుని నడిచాను. దారిలో అందరూ నన్నే చూస్తుంటే కీర్తి అప్పుడే పాకిందనుకున్నాను. మూతికి పప్పు అంటుకుందని ఆఫీసు అద్దంలో చూసుకుంటే గానీ తెలియలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే తుడుచుకోమని చెప్పను. ఇంకాస్త దూరం అలాగే నడవనిస్తాను.