మిషను చప్పుడుకు నిద్రపోయే పిల్లవాడు

2022 వేసవి. మార్కాపురంలో పలకల షెడ్లకు రెండు వీధుల అవతల నా అంగన్‌వాడీ కేంద్రం. మధ్యాహ్నం పిల్లలు తిని పడుకున్నాక వీధి కూడా వాళ్లతోపాటే కునుకు తీస్తున్నట్టుండేది. ఆ వేళంటే నాకెంతో ఇష్టం.

అలాంటి ఒక మధ్యాహ్నం జమీల ఏడాది నిండని కొడుకును చంకనేసుకుని వచ్చింది. ఆమెది రాతి పలకలు కోసే షెడ్డులో పని. మిషను పక్కనే చీర ఉయ్యాల కట్టి వాణ్ని పడుకోబెట్టేది. బిడ్డకు దగ్గు పట్టుకుంది.

"దుమ్ములో పెట్టొద్దని డాక్టరు చెప్పినాడక్కా. వీణ్ని యాడన్నా వదిలి రా, లేకుంటే పని మానుకోమని ఓనరు అంటాండాడు. పని పోతే ఇల్లెట్ల గడిచేది?"

మా కేంద్రంలో కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండినవాళ్లనే. పసివాళ్లకు కావలసింది క్రెష్, అంటే తల్లులు పనిలో ఉన్నంతసేపు బిడ్డలను కనిపెట్టుకునే గది. అది ఓనరే పెట్టాలన్నారు మా పై ఆఫీసులో. ఓనరు నరసయ్యన్నను అడిగితే, "సర్కారు అంగన్‌వాడీ పెట్టింది గదమ్మా, మళ్లా నేనేంది పెట్టేది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఏదో ఒక దారి దొరికేదాకా బిడ్డను నా దగ్గరే ఉంచుకున్నాను. అందరూ నిద్రపోతుంటే వాడొక్కడే ఏడ్చేవాడు. జోకొట్టినా అంతే. ఒకరోజు భుజాన వేసుకుని తల్లి దగ్గరికి బయలుదేరాను. మిషను చప్పుడు వినిపించిందో లేదో, వాడి తల నా భుజం మీదికి వాలిపోయింది. అక్కడే నిలబడిపోయాను. ఎదురుగా నరసయ్యన్న పాత గోడౌను. చప్పుడు వస్తోంది, దుమ్ము రావడం లేదు.

కబురు పెడితే నరసయ్యన్న వచ్చాడు. బిడ్డను చూసి గొంతు తగ్గించాడు.

"ఏందమ్మా, ఈడ నిలబడినావు?"

"ఈ గది ఇయ్యన్నా. ఒక ఆయాను పెట్టి కూలి నువ్వియ్యి. బిడ్డలకు రావాల్సిన పాలు, గుడ్లు మా కేంద్రం నుంచి నేను తెస్తా."

"ఈ చప్పుడుకు లేవడా వీడు?"

"ఆగితేనే లేస్తాడు."

గోడౌను తలుపు తోసి లోపలి గోడలు చూశాడు. "సున్నం కొట్టిస్తాలే," అన్నాడు.

ఇప్పుడు ఆ గదిలో ఉయ్యాలలు వరసగా ఊగుతుంటాయి. ఖర్చు సర్కారుదా, ఓనరుదా అని ఎవరైనా వాదిస్తే నాకు కరెంటు పోయిన మధ్యాహ్నాలు గుర్తొస్తాయి. మిషను ఆగగానే పిల్లలంతా కళ్లు తెరిచేవాళ్లు. ఎవరూ ఏడవకముందే జమీల గుమ్మంలో ఉండేది. డబ్బు ఎవరిదైనా బిడ్డకు ఒకటే. అమ్మ పనిచేస్తున్న చప్పుడు వాడికి వినబడాలి, అంతే.