సొన అనుకున్నాం

మా అమ్మ చర్మవ్యాధితో పోయిందని మా బంధువులు ఇప్పటికీ చెబుతారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఎనభైల్లో అమ్మ ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి షెడ్డులో కాయలు ఏరేది. బంగినపల్లి ఒక పక్క, రసాలు ఒక పక్క, దెబ్బతిన్నవి విడిగా. ఆమె మోచేతుల మీదా తలలోనూ ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. మామిడికాయ తొడిమ విరిస్తే కారే సొన తగిలితే ఎవరికైనా చర్మం కాలుతుంది. కాబట్టి అమ్మది కూడా సొన పొక్కేనని ఊరంతా తేల్చేసింది. కోతలు అయిపోయి ఆర్నెల్లయినా ఆ సొన ఎక్కణ్ణించి వస్తోందని ఒక్క మహానుభావుడూ అడగలేదు.

"నువ్వు కాయ ముట్టుకోకమ్మా, కొనేవాళ్ళు చూస్తే బాగోదు," అన్నాడు తోట కౌలుకు తీసుకున్నాయన. అప్పట్నుంచి అమ్మ పెట్టెల్లో గడ్డి పరిచేది. ఇంట్లో ఏమో పథ్యం. వంకాయ వద్దు, చేప వద్దు.

ఒక మే నెల మధ్యాహ్నం ఎడమ చెయ్యి లాగుతోందని పని ఆపి ఇంటికొచ్చేసింది. ఒళ్ళంతా చెమటలు. నాన్న కోతకు వెళ్ళాడు. మచ్చలు ఎక్కువగా ఉన్నది ఆ చేతికే.

"సొన ఎముకలోకి దిగిందే పిల్లా," అంది నాన్నమ్మ. "కానుగ నూనె వెచ్చజేసి పట్టించు."

పట్టించాను. భుజం నుంచి వేళ్ళ దాకా, గంటసేపు. నాకు పదహారేళ్ళు, టెన్త్ పాసయ్యాను, గుండె బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. "దవడ కూడా లాగుతోందే," అంటే అక్కడా రాశాను. నూజివీడు ఆసుపత్రికి గంట ప్రయాణం కూడా లేదు. సాయంత్రానికి అమ్మ పోయింది.

స్నానం చేయించడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు గుమ్మం దాటి రాలేదు. అంటుకుంటుందట. నేనూ నాన్నమ్మా చేయించాం.

మొన్నామధ్య నా మోచేతుల మీదా పొలుసులు వచ్చాయి. సోరియాసిస్ అంది డాక్టరమ్మ. ఆయింట్‌మెంట్ రాసిచ్చి పంపేస్తుందనుకుంటే బీపీ చూసింది, కొలెస్ట్రాల్ పరీక్ష రాసింది.

"ఇది చర్మంతో ఆగే జబ్బు కాదండీ. లోపల రక్తనాళాల్లో కూడా వాపు ఉంటుంది. కొన్ని జన్యువులు దీనికీ గుండెజబ్బుకీ రెండింటికీ దారి తీస్తాయి. అందరికీ వస్తుందని కాదు, జాగ్రత్తగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?"

లేదండీ అనబోయి ఆగాను. ఆ మధ్యాహ్నం సంగతంతా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"అంత నొప్పిలో ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదండీ?"

"బస్సులో పక్కనవాళ్ళు లేచిపోతారని," అన్నాను. "అమ్మ వెళ్దామనే అంది. మాకే సిగ్గేసింది."