జవాబు అందించే సార్

శుక్రవారం నమాజు చేసి వచ్చి షాపు షట్టరు ఎత్తుతుంటే, ధర్మవరం నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి మా సైన్సు సార్ పోయారని చెప్పాడు. నేను నమ్మలేదు. మా వాట్సాప్ గ్రూపులో ఇంతకుముందు కూడా ఒకసారి ఆయన్ని చంపేశారు. అప్పుడు నేనే సార్‌కు ఫోన్ చేస్తే, భోంచేస్తున్నానని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పారు. ఈసారి కూడా ఆయన నంబరుకే చేశాను. ఎత్తింది కూతురు. "నిజమే అన్నా. నాయన పండుకున్నోడు పండుకున్నట్టే పోయినాడు" అంది. షట్టరు మళ్ళీ దించి, సార్ ఉండే పెనుకొండకు బస్సెక్కాను. సోమందేపల్లి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. అప్పటిదాకా నమ్మనట్టే కూర్చున్నాను.

హిందూపురంలో నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఫోన్ నీళ్ళలో పడేసుకొని వచ్చిన ప్రతివాడూ నీళ్ళలో పడలేదనే అంటాడు. మూత తీస్తే లోపలంతా తడి. ఏళ్ళ తరబడి ఇదే చూసినవాడికి మనుషుల మాట మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? అయితే ఈ గుణం షాపుతో వచ్చింది కాదు. ధర్మవరం బడిలోనే నాకు 'డౌటు' అని పేరు. పెట్టింది సారే. నేను చెయ్యెత్తితే చాలు, "ఏమప్పా డౌటూ, చెప్పు" అనేవారు. ఆయన విసుక్కోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

సార్‌కు ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగాక పిల్లవాడు నిలబడి బిక్కమొహం వేస్తే ఆయన తట్టుకోలేకపోయేవారు. కిటికీ వైపు చూస్తున్నట్టు చూస్తూ, గుసగుసగా జవాబు అందించేవారు. చివరి బెంచీలో ఉన్న నాకు కూడా అది అందేది. మేమంతా సార్ నోటి వైపే చూస్తూ కూర్చునేవాళ్ళం. రానురాను ఆయన పెదవులు కదిలితే మా పెదవులూ కదిలేవి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఈ సంగతి పట్టేసి, "మాస్టారూ, నేను పిల్లవాణ్ణి అడుగుతున్నాను, మిమ్మల్ని కాదు" అన్నారు. సార్ చెవులు ఎర్రబడ్డాయి. అధికారి వెళ్ళిపోయాక మాతో, "రైటు జవాబు రైటే. ఎవురు చెప్పినారని నేను మార్కులు తగ్గించను" అన్నారు. మా బ్యాచీలో చాలామంది ఆ మాట మీదే గట్టెక్కాం.

రిటైరయ్యాక సార్ పెనుకొండలో ఇల్లు కట్టుకున్నారు. కొన్నేళ్ళకు ఆయన భార్య పోయారు. ఆమెను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్ళం. ఆస్పత్రిలో కడుపునొప్పితో పడుకొని ఉంటే, "నొప్పి తగ్గిందా?" అని సార్ అడిగారట. అమ్మ కళ్ళు తెరిచి చూసింది గానీ పలకలేదు. టీ తెస్తానని కిందికి దిగి, తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పరామర్శకు ఎవరు వెళ్ళినా సార్ ఇదొక్కటే చెప్పేవారు. అడిగిన మాటకు జవాబు రాలేదే అని ఆయన బాధ. అన్నం ముందు కూర్చొని, కలిపి, తినకుండానే లేచేస్తున్నారని కూతురు నాతో చెప్పుకొని ఏడ్చింది.

అటువంటి మనిషి ఒకరోజు షాపుకు వచ్చి మంచి వాయిస్ రికార్డరు కావాలన్నారు. దేనికి సార్ అంటే, పోయినవాళ్ళ గొంతు రికార్డు చేయడానికట. పాడుబడ్డ బంగళాల్లో తిరిగి, దయ్యం మాటలు దొరికాయని వీడియోలు పెట్టే కుర్రవాళ్ళను ఆయన ఫోన్లో చూస్తున్నారు. సైన్సు చెప్పిన మనిషి! ఎవరో సార్‌ను బుట్టలో వేసుకున్నారని నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఆ మాటే అంటే నవ్వారు. "ఆ పిల్లోళ్ళు నోరు మూసేదే లేదప్పా. ఇంగ దయ్యం ఎప్పుడు మాట్లాడల్ల? నేను పద్ధతిగా చేస్తా" అన్నారు. చచ్చిపోయినవాళ్ళ జోలికి పోవద్దని ఇంట్లో నా భార్య గట్టిగానే చెప్పింది. అయినా తోడు వెళ్ళాను. నిజం చెప్పాలంటే, కనిపెట్టుకొని ఉండడానికే వెళ్ళాను.

పెనుకొండలో కొండ ఎక్కే దారిలో ఒక పాత రాతి మంటపం ఉంది. ఆదివారాలు సార్, అమ్మ బొరుగుల ఉగ్గాని కట్టుకొని వచ్చి కూర్చునేది అక్కడే. మేం వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. ఇటువంటివి రాత్రిపూట కదా చేస్తారని అడిగాను. "మీ అమ్మ పొద్దు మునిగినాక గడప దాటిన మనిషి కాదు. ఇప్పుడు మాత్రం రాత్రిపూట ఎట్లొస్తాది?" అన్నారు. రికార్డరు రాతి మీద పెట్టి, తర్వాత ఏ చప్పుడు దేనిదో తికమక పడకుండా, హాజరు తీసినట్టు ఒక్కొక్కటీ పైకి చెప్పారు. అది బస్సు హారను. ఇది మేక గంట. ఇది నా దగ్గు. చివరికి గొంతు సవరించుకొని, "నొప్పి తగ్గిందా?" అని అడిగి ఊరికే కూర్చున్నారు.

ఇంటికి వచ్చి వింటే, ప్రశ్న తర్వాత కాసేపటికి సన్నగా వినిపించింది. "తగ్గింది."

సార్ ఏడ్చేశారు. ఆ పూట పళ్ళెం ఖాళీ చేశారు. నేను మాత్రం రికార్డరు షాపుకు తెచ్చుకొని కూర్చున్నాను. అందులో పాత రికార్డు మిగిలిపోయిందేమో చూశాను. మేకల కాపరి ఫోన్ మాట్లాడాడేమో ఆలోచించాను. ఆ వీడియోల కుర్రవాళ్ళను, పాపం, సార్ కూతురిని కూడా అనుమానించాను. ఆఖరికి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మళ్ళీ మళ్ళీ వింటే తెలిసింది. ఆ గుసగుస నేను చివరి బెంచీలో కూర్చొని విన్నదే. ప్రశ్నకు జవాబు రాకపోతే సార్ ఉండలేరు. తనకు తెలియకుండానే అమ్మకు అందించారు.

చెప్పాలా వద్దా అని ఎంత కొట్టుమిట్టాడానో నాకే తెలుసు. చెబితే ఆ మనిషి మళ్ళీ అన్నం మానేస్తారు. చెప్పకపోతే, డౌటు దాచుకోవద్దని నేర్పిన సార్ దగ్గరే దాచినవాణ్ణి అవుతాను. తర్వాతి ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళి, "సార్, ఒక డౌటు" అన్నాను. అంతా విన్నారు. కిటికీ వైపు చూశారు. "అయితే ఇంగోసారి చేద్దాం పా" అన్నారు. "అడిగినాక నేను తువ్వాలు నోట్లో కుక్కుకుంటా. నువ్వు నన్నే చూస్తాండు."

అట్లాగే చేశాం. ఆయన హాజరు తీశారు, ప్రశ్న అడిగారు, తువ్వాలు కుక్కుకున్నారు. ఆ దవడ అణుమాత్రం కదలలేదు. నేను కన్నార్పకుండా ఆయన నోటినే చూశాను. అంత ఎండలో ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి తువ్వాలులోకి ఇంకాయి.

ఇంటికి వచ్చి రికార్డరు పెడితే, హారను, మేక గంట, దగ్గు, ప్రశ్న. తర్వాత సన్నగా, "తగ్గింది."

నా అనుమానం మళ్ళీ లేచింది. ఆ పూట కాపరి లేడు. ఫోన్లు ఆఫ్ చేసి పెట్టాం. మంటపంలో నోరు ఖాళీగా ఉన్న మనిషి ఒక్కడే. నేను. సార్ నోటినే చూస్తూ కూర్చున్న నా పెదవులు కదిలాయో లేదో, ఒట్టేసి చెబుతున్నా, నాకు తెలియదు. "సార్, ఇంగో డౌటు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "రైటు జవాబు రైటేప్పా. ఎవురు చెప్పినారని నేను మార్కులు తగ్గించను" అన్నారు. తర్వాత కూతురిని పిలిచి ఇద్దరికీ అన్నం పెట్టమన్నారు. ఆ తర్వాత ఆయన మంటపానికి రికార్డరు తీసుకొని వెళ్ళలేదు. ఆయనకు అంతా అర్థమైపోయిందని నా అనుమానం. ఆయనకు నా మీద ఎంత ప్రేమ ఉందో నాకు అప్పుడు తెలిసిందని మాత్రం ఏ అనుమానమూ లేకుండా చెప్పగలను.

అంత్యక్రియలయ్యాక కూతురు ఆ రికార్డరు నా చేతిలో పెట్టింది. తాను పోతే నాకే ఇవ్వమని ఎప్పుడో చెప్పి పెట్టారట. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే మంటపానికి వెళ్ళాను. పద్ధతిగా హాజరు తీశాను. "సార్, బాగుండారా?" అని అడిగి, జేబురుమాలు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను.

షాపుకు వచ్చి విన్నాను. హారను ఉంది. మేక గంట ఉంది. ప్రశ్న తర్వాత గాలి తప్ప ఏమీ లేదు. అనుమానించడానికి ఒక్క చప్పుడు లేదు. మళ్ళీ మొదటి నుంచీ పెట్టాను. ఎదురుగా షోకేసు అద్దంలో, ఆ గాలి వినిపిస్తున్నంతసేపూ, నా పెదవులు కదులుతున్నాయి.